ఐదు ప్రశ్నలకు ఐదు ఉత్తరాలు

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. ఆ తర్వాత పదకొండేళ్లు ఒక్కరోజు నాగా లేకుండా బడికి వెళ్లాను. అబద్ధం కాదు. నాందేడ్‌లో స్కూలు పిల్లల్ని ఆటోలో ఎక్కించుకుని గేటు దగ్గర దింపే పని నాది. లోపలికి అడుగు పెట్టకుండా రోజూ బడికి పోయే ఉద్యోగం ఇంకెవరికి దొరుకుతుంది?

ఆటో నిండా పిల్లలు, బయట కొక్కేలకు వేలాడే సంచులు, మధ్యలో నా నోరు. "ఇయ్యాల బాయి రాలేదంట, ఎనక్కి తిప్పాల్నా?" అంటే అందరూ ఒక్కసారి కేక పెట్టేవాళ్లు. మరాఠీ బడుల్లో టీచరమ్మను బాయి అంటారు. గేటు దగ్గర బాయి నిలబడి ఉండటం చూసి "కాకా అబద్ధాలు చెప్తడు" అని నన్ను గుద్ది దిగేవాళ్లు. వాళ్లలో మా అమ్మాయి కూడా ఉండేది. అందరికంటే ముందు నవ్వేది తనే, నేను చెప్పబోయేది సగంలో ఉండగానే.

మాది హిమాయత్‌నగర్ పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, పోలీసులతో హిందీ. దేవుడితో ఏ భాషో ఇంకా తేల్చుకోలేదు. నేను బడి మానింది మరాఠీ వల్లనే. ఆ భాషలో ప్రతి వస్తువూ ఆడదో మగదో అయి ఉంటుంది. దారి మగవాడు, గది ఆడది, ఇల్లు రెండూ కాదు. మూడో తరగతిలో నేను లేచి నిలబడి మా అమ్మ గురించి చెబుతూ ఆవిడను మగవాణ్ణి చేశాను. తరగతంతా నవ్వింది. ఇంటికెళ్లి అమ్మ ముఖం చూడలేకపోయాను. మర్నాటి నుంచి ఒక ఉపాయం పట్టాను: వాళ్లు నవ్వకముందే నేనే నవ్వించాలి. అది ఎంత బాగా పట్టుబడిందంటే ఆరో తరగతి వచ్చేసరికి చదువు తప్ప అన్నీ వచ్చేశాయి. ఒకరోజు గురువుగారు "నీ తండ్రిని తీసుకురా" అన్నారు. తీసుకురావడానికి పోయినవాణ్ణి ఇంకా తిరిగి రాలేదు.

తెలుగు అక్షరాలు మాత్రం పెళ్లయ్యాక మా ఆవిడ నేర్పింది. ఆమెది నిజామాబాద్ వైపు. మొదటి పాఠం అగరువత్తుల పెట్టె మీద. ఆమెకు మరాఠీ చదవడం రాదు, నాకప్పటికి తెలుగు చదవడం రాదు. మా ఇద్దరినీ కలిపితే ఒక చదువుకున్న మనిషి అయ్యేవాళ్లం. ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

కరోనా వచ్చి బళ్లు మూతబడ్డాయి. ఆటో ఇంటి ముందు నిలబడిపోయింది. ఎండాకాలం గడిచాక బడి ఫోన్లోకి వచ్చింది. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. రేకుల కింద దానికి సిగ్నల్ అందదు. గల్లీ చివర బోరింగు పక్కన మాత్రం అందుతుంది. అందుకని పొద్దున్నే ఆటోను అక్కడికి తోసుకెళ్లి నిలబెట్టేవాణ్ణి. వెనక సీటు మీద మా అమ్మాయి, ఒళ్లో పలక, పలక మీద ఫోను. ముందు సీట్లో నేను. అద్దంలో తన ముఖం కనిపించేది. అలా రెండో తరగతి నా ఆటోలోనే మొదలైంది. ఇన్నేళ్లు బడి గేటు దాటకుండా తప్పించుకున్నాను, ఆఖరుకు బడే నా బండెక్కింది.

అమ్మాయికి మరాఠీ ఇంకా సరిగా పట్టుబడలేదు. ఒకటో తరగతిలో ఎలా గట్టెక్కిందో నాకు అప్పుడే తెలిసింది. బెంచీ మీద పక్కన కూర్చునే పిల్ల కూడా తెలుగు పిల్లే. వాళ్ల నాన్న తాపీపని చేసేవాడు. ఆ పిల్లకు మరాఠీ గడగడ వచ్చు. బాయి చెప్పిన ప్రతి మాటనూ తెలుగు చేసి మా అమ్మాయి చెవిలో పోసేది. నా ఆటోలోనే వచ్చేది, ఇద్దరూ ఒకే సంచి పట్టీ పట్టుకుని దిగేవాళ్లు. పనులు ఆగిపోగానే ఆ కుటుంబం భోకర్ దాటాక ఉన్న వాళ్ల పల్లెకు వెళ్లిపోయింది. వాళ్లకు ఫోను లేదు.

పక్క సీటు పిల్ల ఉద్యోగం నాకు వచ్చింది. బాయి ఏదో అనగానే అద్దంలో రెండు కళ్లు పైకి లేచేవి. "ఏమన్నది బాపు?" "పుస్తకం తియ్యమన్నది." "గిప్పుడేమన్నది?" "మీ బాపుకు చాయ్ పొయ్యమన్నది." నవ్వేది. మైకు ఆపి నవ్వేది, మళ్లీ పెట్టేది. ఆ రోజుల్లో మా అమ్మాయి గొంతు ఫోన్లో అందరికంటే గట్టిగా వినిపించేది. హాజరు పిలవగానే "హజర్ బాయీ!" అని కేక వేస్తే బోరింగు దగ్గర నీళ్లు కొట్టే ఆడవాళ్లు తిరిగి చూసేవాళ్లు. ఈ పిల్ల నాలాగా కాదు, నోరు తెరిచి చదువుకుంటుంది అని నేను లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి. నాకు కావలసిందల్లా అదొక్కటే. నేను నవ్వు వెనక దాక్కుని పారిపోయిన చోట తను నిలబడి మాట్లాడాలి.

అప్పటికి నాకు కూరగాయలు తెచ్చే పని దొరికింది. అద్దానికి పర్మిషన్ కాగితం అంటించుకుని మధ్యాహ్నం భోకర్ వెళ్లి చీకటి పడేలోపు వంకాయలు, టమాటాలు తేవడం. వంకాయలు అల్లరి చేయవు, నా జోకులకు నవ్వవు కూడా.

ఒకరోజు క్లాసు అయ్యాక బాయి గ్రూపులో ఒక పాఠం పంపింది. కింద ఐదు ప్రశ్నలు. పైన ఒక వాక్యం: "ప్రశ్నాంచీ ఉత్తరే లిహా." ప్రశ్నలకు జవాబులు రాయండి అని అర్థం. మరాఠీలో ఉత్తర్ అంటే జవాబు. నేను బండి స్టార్టు చేయబోతున్నాను. అమ్మాయి వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

"బాపు, గిదేంది? ఏం రాయాలె?"

"ఉత్తరాలు రాయమన్నది బిడ్డా. ఐదు."

"ఉత్తరాలంటే?"

"ఎనుకట నాయనమ్మకు పోస్టుల అచ్చేటివి సూడు, గవి. ఎట్లున్నవ్, తిన్నవా, పండినవా అని."

"ఎవలకు?"

"నీకెవలు యాదికత్తే ఆళ్లకు. టికీటు అంటిచ్చుడు మాత్రం మర్వకు."

తను నవ్వుతుందని చూశాను. నవ్వలేదు. ఎవరెవరికి రాయాలా అని అప్పుడే ఆలోచనలో పడింది. సరేలే, దారిలో ఒక జోకు విత్తనం వేశాను, సాయంత్రం వచ్చి కోసుకుంటా అనుకుని గేరు వేశాను. నేను చేసింది అంతే. ఇప్పటికీ ఆ గేరు చప్పుడు నాకు గుర్తుంది.

నిజంగానే ఉత్తరాలు రాసింది. తనకు వచ్చిన లిపి మరాఠీ, వచ్చిన భాష తెలుగు. మరాఠీ అక్షరాలతో తెలుగు మాటలు, రెండు పేజీల నిండా. మా ఆవిడకు ఆ అక్షరాలు రావు. "మొత్తం రాసినవా?" అని అడిగింది, "రాసిన" అంది పిల్ల. మా ఆవిడ ఫోటో తీసి క్లాసు గ్రూపులో పెట్టింది.

సాయంత్రం వంకాయలు దించి ఇంటికొచ్చి ఫోను చూశాను. ఆ రెండు పేజీలు కూడబలుక్కుని చదివాను. మొదటిది పక్క సీటు పిల్లకు: "నువ్వు ఎప్పుడు అస్తవ్? బాయి ఫోన్ల కనవడుతది, నువ్వు కనవడవు. బాపు ఆటోనే మన బడి. నీ జాగ ఉన్నది. జల్ది రా." రెండోది బాయికి: "మీరు ఫోన్ల శాన చిన్నగైండ్రు. తింటలేరా?" మూడోది బళ్లో మర్చిపోయిన నీళ్ల సీసాకు: "నీ లోపటి నీళ్లు పారవొయ్యలే. ఏమనుకోకు." నాలుగోది బడి గంటకు: "నిన్ను ఎవ్వలు కొడ్తలేరు, మంచిగుండు." ఐదో అంకె వేసి పక్కన ఇలా రాసింది: "ఐదోదానికి ఎవ్వలు లేరు."

ఆ చివరి మాట మళ్లీ చదివాను. ఆ ఫోటో కింద గ్రూపులో మాటలు వరుసకట్టి ఉన్నాయి. "హీ కుఠలీ భాషా?" ఇది ఏ భాష? అని ఒకరు. కన్నడమా అని ఇంకొకరు. పిల్ల ఒంట్లో బాగానే ఉందా అని మరొకరు. మధ్యలో నవ్వే బొమ్మలు. బాయి కూడా ఒకటి పెట్టింది, దాని కింద ఒక ప్రశ్న గుర్తు.

అప్పుడు నేను రాయవలసింది ఒక్క ముక్క: తప్పు పిల్లది కాదు, నేను మస్కిరి చేసి చెప్పాను. మస్కిరి అంటే మా వైపు ఆటపట్టించడం. కానీ అంతమంది చదువుకున్న తల్లిదండ్రుల మధ్య నిలబడగానే నాకు మూడో తరగతి గది కనిపించింది. వేళ్లు వాటంతట అవే పాత దారి పట్టాయి. మరాఠీలో ఇలా రాశాను: "మా తెలుగులో ఉత్తరం అంటే చీటీ. మా పోరి మీ అందరికీ పోస్టు వేసింది. టికెట్ల డబ్బులు బాయి దగ్గర తీసుకోండి."

గ్రూపు నిండా నవ్వులు. ఒకాయన "కాకా, మీరు సినిమాల్లో ఉండాల్సింది" అన్నాడు. నేను మళ్లీ గెలిచాను.

మర్నాడు ఆటోలో ఎప్పట్లాగే కూర్చున్నాం. హాజరు మొదలైంది. మా అమ్మాయి వంతు రాగానే, తను నోరు తెరిచేలోపే, ఒక పిల్లవాడు "పోస్ట్‌మన్ ఆలా!" అని అరిచాడు. పోస్టుమాన్ వచ్చాడు అని. చిన్న చిన్న డబ్బాల్లో ఉన్న ముఖాలన్నీ నవ్వాయి. బాయి "చాలు చాలు" అన్నట్టు చెయ్యి ఊపింది గానీ ఆమె పెదవుల మీద కూడా నవ్వు ఆగలేదు. ఆమెను నేనేమీ అనను. ఆ నవ్వు పంచిపెట్టింది నేనే.

అద్దంలో చూశాను. అమ్మాయి వేలు పెట్టి మైకు ఆపింది. ఏడవలేదు. క్లాసు అయ్యేదాకా అలాగే కూర్చుని, ఫోను నా చేతికిస్తూ అడిగింది.

"బాపు, ఉత్తరాలు రాయమన్నది నువ్వే గద?"

"అవు బిడ్డా. మస్కిరి చేసిన."

"మరి బాయికి చెప్పు. నువ్వు చెప్పినవని చెప్పు."

"చెప్తా తియ్. రేపు చెప్తా."

రేపు చెప్పలేదు. ఎల్లుండి క్లాసుకు ముందు తనే ఫోను నా ముందు పెట్టి నిలబడింది. "నెట్‌వర్క్ లేదు బిడ్డా" అన్నాను. నాలుగు గీతలు నిండుగా ఉన్నాయి. తనకు లెక్కపెట్టడం వచ్చు.

ఆ తర్వాత మైకు తెరవలేదు. పాఠం వింటుంది, రాయమన్నది రాస్తుంది, నా కళ్ల వైపు చూడదు. అర్థం కాని మాట వస్తే మా ఆవిణ్ణి అడిగేది. మరాఠీ రాని తల్లిని అడిగేది, పక్కనే ఉన్న నన్ను కాదు. మా ఆవిడ నా మీద విరుచుకుపడింది.

"నోరు గాదు అది, చెప్పు తెగిన కాలు. ఎక్కడ పడ్తె అక్కడ పెడ్తవ్. పోయి ఆ బాయికి చెప్తె ఏం పోతది నీకు?"

"ఏం పోదు."

"మరేంది?"

ఆమెకు ఏం చెప్పను? నవ్వించేవాణ్ణి నవ్వించకుండా ఒక మాట చెప్పమంటే నాకు చేతకాదు. ఎప్పుడూ నేర్చుకోలేదు.

ఎక్కాల పరీక్ష రోజు బాయి పేరు పెట్టి పిలిచింది. "ఆవాజ్ యేత్ నాహీ," గొంతు రావడం లేదు, అంది. నేను ముందు సీట్లోంచి మెల్లగా "బే ఏకే బే" అని రెండో ఎక్కం అందించాను. నాకు వచ్చిన చదువు అదొక్కటే. అద్దంలో పిల్ల పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. నేనే ఫోను లాక్కుని "నెట్‌వర్క్ ప్రాబ్లం, బాయీ" అన్నాను. ఆ ఏడాదంతా మా పిల్ల మౌనానికి ఆ పేరే పెట్టాం.

దసరా పోయాక ఒకరోజు నేను భోకర్ బయల్దేరుతుంటే ఒక కాగితం మడత తెచ్చి ఇచ్చింది. పక్క సీటు పిల్లకు రాసిన ఆ మొదటి ఉత్తరం. పేజీలోంచి చింపి, పైన టికెట్ బదులు ఒక బొమ్మ గీసింది.

"గిది ఆమెకు ఇయ్యి బాపు. నువ్వు గా దిక్కే పోతవ్ గద."

ఎన్నాళ్లకో నాతో మాట్లాడింది. నేనేమన్నానంటే, "వంకాయల కింద పెడ్త, దారి పొడుగు అవే సదువుకుంటయ్." నోరు ఊరుకోదు కదా. తను లోపలికి పోయింది. ఆ కాగితం ఆటో ముందు డబ్బాలో స్పానర్ల మధ్య పడి ఉంది. వారం తిరిగాక, నట్టు కోసం చెయ్యి పెడితే తగిలింది. నూనె మరక పట్టింది. ఆ రోజు కూరగాయలు ఎత్తకముందే ఆ పిల్ల పల్లె దారి పట్టాను.

అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. ముందు గదిలో సగం దాకా పత్తి. దాని పక్కన ఆ పిల్ల కూర్చుని కాయల్లోంచి దూది పీకుతోంది. పెద్దవాళ్లు చేనుకు పోయారు. నన్ను చూసి లేచి నిలబడింది.

"కాకా! బడి తీసిండ్రా?"

"లేదు బిడ్డా. నీకు ఉత్తరం అచ్చింది."

చేతులు గౌనుకు తుడుచుకుని కాగితం తీసుకుంది. చూసింది. తిప్పి మళ్లీ చూసింది. పెదవులు కదిపింది, ఆగిపోయింది. బాయి మాటలను గడగడా తెలుగు చేసిన పిల్ల. పుస్తకం పట్టి ఏడు నెలలు దాటింది.

"నువ్వే సదువు కాకా. నాకు పోయినయ్."

అక్షరాలు పోయాయి. సంచీలోంచి బలపం జారిపోయినట్టు చెప్పింది. చదివాను. నీ జాగ ఉన్నది, జల్ది రా అన్నచోట కాళ్ల వైపు చూసుకుంది. ఏమైనా చెప్పమంటావా అంటే "రాసుకుంటవా?" అంది. ఫోను ఇంట్లో ఉంది, అమ్మాయి పాఠం ఒకటి అందులో ఉంది. చేతిలో ఉంటే ఈ పిల్ల గొంతే పట్టి తెచ్చేవాణ్ణి. జేబులో కూరగాయల చిట్టీ ఉంది. దాని వెనక మరాఠీ అక్షరాలతో, తను చెప్పింది చెప్పినట్టు రాశాను. ఉత్తరం అనగానే పిల్లకు పెద్దరికం వచ్చేసింది. చేతులు కట్టుకుని, గోడ వైపు చూస్తూ చెప్పింది:

"నేను మంచిగున్న. నువ్వు మంచిగ సదువుకో. బాయి చెప్పింది ఇను."

"ఇంకేమన్న చెప్పు బిడ్డా. నీ ముచ్చట ఏదన్న."

"గంతే," అంది సిగ్గుపడి. దూరం నుంచి ఎవరో కేకేశారు. మళ్లీ పత్తి దగ్గరికి పోయింది.

దారంతా ఒక్క జోకు కూడా నా నోటికి రాలేదు. ఇంటికి రాగానే చిట్టీ అమ్మాయి చేతిలో పెట్టాను. చదివింది.

"ఇది నువ్వు రాసినవ్."

"ఆమె చెప్తె నేను రాసిన. ఆమెకు రాసుడు మర్శిపోయింది."

"ఆమెకెట్ల మర్శిపోతది? నాకు చెప్పేదే ఆమె."

"నిజంగ బిడ్డా. ఒట్టు."

"ఆమె గిట్ల మాట్లాడది బాపు. మంచిగ సదువుకో అని ఆమె ఎప్పుడన్న అంటదా? గిది నీ మాట." నా ముఖంలో నవ్వు ఎక్కడ దాక్కుందో వెతికింది. "మస్కిరి చేస్తున్నవ్."

పెన్సిలు తెచ్చి, చిట్టీ మోకాలి మీద పెట్టుకుని, నేను తప్పు రాసిన మూడు అక్షరాలను బాయి దిద్దినట్టు దిద్ది నా చేతికి తిరిగి ఇచ్చింది.

సంక్రాంతి దాటాక మళ్లీ ఆ పల్లెకు పోయాను, ఫోను జేబులో పెట్టుకుని. ఇంటికి తాళం. చెరకు కొట్టడానికి పోయారన్నారు, ఏ ఊరో పక్కింటి వాళ్లకు తెలీదు. ఇంటికొచ్చి అమ్మాయికి ఆ సంగతి చెప్పలేదు. చెప్పినా, "నిజంగనేనా?" అనేది.

బళ్లు తెరిచారు. మొదటి రోజు నేనే దింపాను. తర్వాత విన్నాను, చాలా రోజులు తన సంచీని పక్క జాగాలో పెట్టుకునేదట, ఎవరైనా కూర్చోబోతే తీసేది కాదట.

ఇప్పుడు ఏడో తరగతి. మార్కులు బాగా వస్తాయి. మరాఠీలో అందరికంటే ఎక్కువ. ఆడదేదో మగదేదో ఒక్కటి తప్పు పోదు, కాగితం మీద. తల్లిదండ్రుల మీటింగులో కొత్త బాయి "ఫార్ శాంత్ ముల్గీ ఆహే" అంది. చాలా నెమ్మదైన పిల్ల అని. పక్కనున్న తల్లులు మా ఆవిణ్ణి అదృష్టవంతురాలన్నట్టు చూశారు. హాజరుకు చెయ్యి ఎత్తుతుందట, పలకదట. నేను లేచాను. ఇన్నేళ్లు దాచిన ఒక్క వాక్యం మరాఠీలో కూర్చుకున్నాను: నా పిల్ల ఇలా ఉండేది కాదు, నేను చేశాను. బాయి తలెత్తి "బోలా కాకా," చెప్పండి, అంది. మా అమ్మాయి కూడా నా వైపు చూసింది, బాయికి చెప్పమని ఫోను నా ముందు పెట్టి నిలబడ్డ ఆ పొద్దుటి చూపు.

"మాఝా ముల్గీ..." అన్నాను. నా కూతురు అనబోయి మగ గుర్తు పెట్టాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాలుక మీదికి జోకు ఒకటి తయారుగా వచ్చేసింది. దాన్ని మింగాను. మిగతా వాక్యం కూడా దాంతోపాటే లోపలికి పోయింది. నిలబడ్డాను, కూర్చున్నాను.

ఆటోలో ఇంటికి బయల్దేరాం. బోరింగు మలుపులో బండి నెమ్మదించి, అద్దంలోకి చూస్తూ అన్నాను.

"బిడ్డా, ఆ చిట్టీ నిజంగ ఆ పిల్ల చెప్పిందే."

అద్దంలో ఆ కళ్లు పైకి లేచాయి. నన్ను చూశాయి, చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు.

"సరే బాపు," అంది. "నమ్మిన తియ్."